ఈక ఎక్కడ తాకింది?

పోయిన వారం మనం హన్మండ్లును ఎల్లారెడ్డిలో, వాళ్లింటి అరుగు మీద, ఎడమ కాలు చాపుకొని కూర్చున్నవాణ్ని కూర్చున్నట్టే వదిలి వచ్చాం. కామారెడ్డి మైదానంలో నిజామాబాదోళ్లతో ఆడిన ఫుట్‌బాల్ ఆటలో ఆ పాదం ఎముకలు విరగడం, అవి వంకరగా అతుక్కుంటే మిషను దవాఖానలో డాక్టరు దొర మళ్లీ కోసి సరిచేయడం, సున్నపు కట్టు విప్పి ఇంటికి పంపడం, ఇంతవరకు మీకు ఎరికే. భిక్నూరులో కట్లు కట్టే ముసలాయన దగ్గరికే పోవాలని తల్లి ఎంకవ్వ, దవాఖానకే పోవాలని భార్య భూదేవి పట్టిన పంతమూ ఎరికే. కోడలే గెలిచింది. కాలు నిలిచింది. హన్మండ్లు ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు.

నడుస్తున్నాడు గాని, మనిషి మనిషిలా లేడు. అదే భూదేవి బాధ.

అంతకుముందు హన్మండ్లు ఇంట్లో ఉంటే ఇల్లంతా లొల్లి. గుమ్మడికాయ కనిపించినా కాలితో దొర్లించేవాడు. వంట చేస్తుంటే వెనుక నుంచి వచ్చి జడ లాగి పోయేవాడు. ఇప్పుడు రాత్రి అయితే చాలు, లోపల ఉక్కపోస్తున్నదని దుప్పటి చంకన పెట్టుకొని అరుగు మీదికి పోతాడు. మాఘమాసపు చలిలో ఉక్క ఎక్కడిదో ఆ దేవునికే తెలియాలి. ఇత్తడి తలెలో తినడం మానేశాడు. మోదుగాకుల విస్తరి కావాలంటాడు, తిన్నాక తానే తీసుకుపోయి పెంటకుప్పలో పడేస్తాడు. అన్నిటికన్నా భూదేవి కడుపు కోసింది ఇంకొకటి. ఏడాది పిల్ల ఈరవ్వ అంబాడుకుంటూ తండ్రి దగ్గరికి పోతే, "కాలు మీద పడితది, దీన్ని తీస్కపో" అని అరుస్తాడు. పిల్ల పెదవి విరిచి ఏడుస్తుంది. అతను మొహం గోడ వైపు తిప్పుకుంటాడు.

కోత పెట్టించినందుకు కోపం పెట్టుకున్నాడని భూదేవి అనుకుంది. ఆడగలుగుతాడో లేదో, అది తేలేదాకా నా మీద ఈ కోపం పోదు అనుకుంది. అత్త కూడా ఆ పుండు మీద కారం చల్లడం మానలేదు.

"కత్తి పెట్టినంక మనిషి మనిషోలె ఎట్లుంటడే? రక్తం పోతే పానం సగం పోయినట్టే," అంటుంది ఎంకవ్వ, బర్రెకు కుడితి కలుపుకుంటూ. మళ్లీ తానే, "మక్క గట్క చేసిన, పెరుగేసి వానికి పెట్టు. నువ్వు గూడ ఇంత తిను, బొక్కలు తేలినయి," అంటుంది. ఎంకవ్వ తిట్టు ఎక్కడ ముగుస్తుందో, ప్రేమ ఎక్కడ మొదలవుతుందో పట్టుకోవడం భూదేవికి పెండ్లయి ఇన్నేళ్లయినా చేతకాలేదు.

ఆ పొద్దు హన్మండ్లు ఇంటి వెనుక కల్లంలో చాలాసేపు నడిచి వచ్చాడు. నడిచాడని అతను అన్నాడు గాని, గోనెగుడ్డలు చుట్టి కట్టిన బంతి ఒకటి గడ్డివాము వెనుక దాచాడని భూదేవికి తెలుసు. ఆడనీ అనుకుని ఊరుకుంది. చెంబుతో నీళ్లు, గిన్నెలో ఆముదం తెచ్చి అరుగు కింద కూర్చుని, అతని ఎడమ కాలు తన మోకాలి మీద పెట్టుకుంది. ఇదొక్కటే అతను ఒద్దనని పని. దవాఖానలో చెప్పారు గనుక ఒద్దనలేకపోయాడు. రుద్దేటప్పుడు మటుకు, "అయినంక చేతులు మంచిగ కడుక్కో," అని రోజూ చెబుతాడు. ఆముదం జిడ్డు గురించి అనుకునేది భూదేవి.

"యాకూబు కబురు పంపిండు," అన్నాడు హన్మండ్లు, ఎటో చూస్తూ. యాకూబు కామారెడ్డి స్టేషనులో పనిచేస్తాడు, టీములో గోలు కాస్తాడు. "ఉగాదెనుక పట్నం టీము వస్తదట. ఎడమ పక్క జాగ నాకే పెట్టి ఉంచిండట. వేరేటోని పేరు చెప్తే కొట్టెటందుకు లేస్తున్నడట."

"మంచిగనే ఉన్నది గదా," అంది భూదేవి, అరికాలు మీద నీళ్లు పోస్తూ.

మట్టి కడుక్కుపోయింది. అరికాలి బయటి అంచున, కోత మచ్చకు కొంచెం కింద, నల్లగా ఏదో కనిపించింది. గోటితో గీకింది. పోలేదు. వంగి చూసింది. తుమ్మ ముల్లు. పైకి తేలింది ఆవగింజంత, లోపల ఎంతుందో.

భూదేవి దాన్ని గోళ్లతో పట్టి లాగింది. చిటికెన వేలి గోరంత ముల్లు, రక్తపు బొట్టుతో సహా ఊడి వచ్చింది.

"పట్నపోళ్లు బూట్లేసుకొని ఆడుతరట," అంటున్నాడు హన్మండ్లు. "బూట్లకు బంతి ఏం తెలుస్తదే? బంతి తోలుకు తోలు తాకాలె. ఈ కాలు అంచు కాడ బంతి ఇట్ల తాకితే, ఇగ అది నేను చెప్పినట్టు ఇనాలె."

ముల్లు లాగింది అతనికి తెలియలేదు.

భూదేవి ముల్లును పిడికిట్లో మూసుకుంది. కాలు మీద నీళ్లు పోస్తూనే ఉంది. చెంబు ఖాళీ అయింది గాని ఆమె చేయి ఇంకా వంచే ఉంది.

ఆమె పుట్టిల్లు తాడ్వాయి. అక్కడ ఆమె చిన్నతనంలో, తెల్లబట్టల మిషనువాళ్లు వచ్చి ఊరివాళ్లను వరుసగా కూర్చోబెట్టారు. కండ్లు మూయించి, ఒంటి మీద అక్కడక్కడ కోడి ఈకతో తాకుతూ, "యాడ తాకింది?" అని అడిగారు. పిల్లలకు కితకితలు. పకపకా నవ్వారు. ఆమె చిన్నాయన లింగయ్య వంతు వచ్చింది. వీపు మీద ఈక పెట్టి అడిగితే ఆయన పలకలేదు. మళ్లీ అడిగినా పలకలేదు. ఊరంతా నవ్వడం ఆపింది. లింగయ్యను బండెక్కించి దవాఖానకు తీసుకుపోయారు. నయం చేసి పంపారు కూడా. పంపితే ఏం లాభం? పొలంలో గుడిసె వేసి ఇచ్చారు ఇంటివాళ్లు. అన్నం గట్టు మీద పెట్టి, పిలిచి, దూరం జరిగేవాళ్లు. ఆ జరిగినవాళ్లలో చిన్నపిల్ల భూదేవి కూడా ఉంది.

ఈ దేశంలో తిమ్మిరెక్కిన తోలు అంటే ఎవరికైనా వచ్చే మాట ఒక్కటే. పెద్దరోగం, అదే కుష్ఠు.

భూదేవి లేచింది. కోళ్లగంప దగ్గరికి పోయి ఒక ఈక ఏరుకుంది. తిరిగి వచ్చేటప్పటికి మొహం మీదికి నవ్వు తెచ్చుకుంది.

"ఏమయ్యా, ఓ ఆట ఆడుదమా?"

"ఏం ఆట?"

"నీ కండ్లు మూస్త. ఈకతోని కాలు తాకుత. యాడ తాకిన్నో చెప్పాలె. చెప్పకపోతే పిల్లను ఒక గంట ఎత్తుకోవాలె."

హన్మండ్లు నవ్వలేదు. ఈక వైపు చూశాడు, ఆమె మొహం చూశాడు. ఒద్దంటే ఎందుకొద్దని అడుగుతుంది. "ఊఁ, కానియ్యి," అన్నాడు. భూదేవి కొంగు తీసి అతని కండ్లకు చుట్టింది.

బొటనవేలు తాకింది.

"బొటనేలు."

మడమ.

"మడమ. కితకిత పెట్టకు, తంత."

పాదం మీది నరం. వేళ్ల సందులు. అన్నీ సరిగ్గా చెప్పాడు. భూదేవికి పానం కొంచెం కుదుటపడింది. అప్పుడు ఈకను మెల్లగా ఆ బయటి అంచు మీద పెట్టింది.

కొంచెంసేపు ఊరుకున్నాడు. "అంచు కాడ," అన్నాడు.

భూదేవి సంతోషంతో అరవబోయి ఆగింది. ఏదో అతకలేదు. ఆ మాట తాకినందుకు వచ్చిన మాటలా లేదు, చాలాసేపు ఏమీ తాకలేదు గనుక వచ్చిన మాటలా ఉంది. మొగుడు మైదానంలో ఏం చేస్తాడో ఆమె యాకూబు నోట ఎన్నోసార్లు విన్నది. కుడికి పోతున్నట్టు భుజం వంచి ఎడమకు పోతాడట. ఎదుటివాడు ఒట్టిగాలి మీదికి దూకుతాడట.

ఆమె ఈకను ఎత్తి గాలిలో పట్టుకుంది. ఎక్కడా తాకలేదు.

హన్మండ్లు కాసేపు ఆగాడు.

"అంచు కాడనే," అన్నాడు. "ఇంకొంచెం కిందికి."

"నేను తాకనే లేదు," అంది భూదేవి.

హన్మండ్లు కొంగు లాగేసుకున్నాడు. ఆమె పిడికిలి విప్పి ముల్లు చూపించింది.

"ఇది నీ కాలుకెల్లి తీసిన. నువ్వు పట్నపోళ్ల బూట్ల ముచ్చట చెప్తనే ఉన్నవు."

అతను ముల్లు చూసి, పట్టుబడ్డ పిల్లవాడిలా తల వంచుకున్నాడు.

"కట్టు ఇప్పిన్నాడే తెల్సింది," అన్నాడు. "దొర ఏదో అడుగుతుంటే అన్ని తెలుస్తున్నయని చెప్పిన. చెప్తే, ఇగ నన్ను ఆ రోగపు దవాఖానకు పంపుతరు. ఊరంత తెలుస్తది. పిల్లకు రేపు ఎవడు పెండ్లి చేస్కుంటడు?"

"గందుకేనా అరుగు మీద పడుకున్నది?"

హన్మండ్లు కాలు వెనక్కి లాక్కున్నాడు.

"గందుకేనా విస్తరాకు? గందుకేనా పిల్లను దగ్గరికి రానియ్యనిది?"

"మీకు అంటద్దని."

భూదేవికి కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట కోపం వచ్చింది. "నీ బుద్ధి మీద మన్ను పడ! నేనేమనుకున్ననో తెల్సునా? కోత పెట్టించిన్నని నా మొహం చూడబుద్ధయితలేదనుకున్న. రోజు లోపల పండుకొని, నువ్వు చలికి దగ్గుతుంటే ఇనుకుంట, నేనే కాలు కోయించి మొగణ్ని పోగొట్టుకున్ననని ఏడ్చిన. ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెప్తే నువ్వు భయపడుతవు."

"పడుత. పడనియ్యి. ఇద్దరం కలిసి పడుదుము. నా వంతు గూడ నువ్వే పడితే నేనెందుకు ఈ ఇంట్ల?"

పక్కన విస్తరిలో పొద్దుటి జొన్నరొట్టె ముక్క మిగిలి ఉంది, అతను కొరికింది. భూదేవి తీసి నోట్లో పెట్టుకుంది. హన్మండ్లు ఆమె చేయి పట్టుకున్నాడు. "ఒద్దే! ఉమ్ము, ఉమ్మెయ్యి!" ఆమె అతని కండ్లలోకి చూస్తూ నమిలి మింగింది. గట్టిపడిన రొట్టె గొంతులో పడక దగ్గింది. చచ్చినట్టు అతనే చెంబు అందించాల్సి వచ్చింది. అది అతను తాగే చెంబు. నీళ్లు కూడా తాగేసింది.

"ఇగ ఎటు పోతే అటు ఇద్దరం," అంది మూతి తుడుచుకుని. "రేపు కామారెడ్డిల అంగడి. అంగడి నాడు దవాఖాన నర్సు లిదియమ్మ స్టేషను కాడికి మందులియ్య వస్తది. పొద్దుగాల బస్సెక్కుదం."

"ఆ రోగమే అంటే?"

"అన్ననాడు చూస్కుందం. మా చిన్నాయనకు దూరం జరిగి ఒకసారి తప్పు చేసిన. ఇంకోసారి చెయ్య."

గోడ అవతల బర్రె గిట్టల చప్పుడు, కుడితి బాన కదిలిన చప్పుడు వినిపించాయి. ఇద్దరూ గొంతు తగ్గించారు.

తెల్లారి బొగ్గుల బస్సు ఎల్లారెడ్డి నుంచి పొగ చిమ్ముకుంటూ బయలుదేరింది. యుద్ధం మూలంగా పెట్రోలు దొరక్క బస్సు వెనుక బొగ్గు పొయ్యి కట్టారు. ఎత్తుమీద బస్సు ఆగినప్పుడల్లా మగవాళ్లు దిగి నెట్టారు. హన్మండ్లు కూడా దిగబోతే భూదేవి అంగీ పట్టి లాగింది. ఇంటి నుంచి కదిలేటప్పుడు ఎక్కడికని ఎంకవ్వ ఒక్కమాట అడగలేదు. సజ్జరొట్టెలు మూటగట్టి ఇచ్చి, పిల్లను చంకనేసుకొని లోపలికి పోయింది. అత్త అడగకపోవడం భూదేవికి వింతగానే తోచింది గాని, ఆ పొద్దు వింతల మీద మనసు పెట్టే ఓపిక ఎక్కడిది?

కామారెడ్డిలో యాకూబు ఎదురొచ్చి మిత్రుణ్ని వాటేసుకున్నాడు. హన్మండ్లు వెనక్కి జరగబోయాడు, యాకూబు వదిలితేనా!

"అరె, కొత్త పెండ్లికొడుకోలె సిగ్గెందుకురా? చెల్లె, వీనికేమైంది?"

"లిదియమ్మ ఉన్నదా అన్నా?" అంది భూదేవి.

ఆమె మొహం చూసి యాకూబు మరో ప్రశ్న వేయలేదు. దారి చూపించాడు.

లిదియా మిషను దవాఖానలో నర్సు. హన్మండ్లు కోత నాడు పక్కనే నిలబడింది ఆమే. స్టేషను వెనుక చిన్న గదిలో జనాన్ని బయట ఆపి తలుపు వేసింది. చెప్పిందంతా విని, ముందు తిట్టింది. "దొర అడిగితే అబద్ధం చెప్పినవా? నీ కాలు బాగుకోసం అడిగిండా, ఆయన ఇంట్ల పెండ్లికి అడిగిండా?" తర్వాత అంగీ విప్పించింది. వీపు, చేతులు, చెవి తమ్మెలు చూసింది. మోచేతి వెనుక, మోకాలి వెనుక నరాలు వేళ్లతో ఒత్తి ఒత్తి చూసింది. దూది పోగుతో తాకుతూ, తెలియని చోటల్లా కాలి మీద పెన్సిలుతో చుక్కలు పెట్టింది. చుక్కలు కలిపింది. ఆ గీత కోత మచ్చ దగ్గర మొదలై, అరికాలి అంచు వెంట వేలిదాకా సన్నగా పాకి, మళ్లీ మచ్చ దగ్గరికే వచ్చి ముగిసింది.

"కట్టుకు ముందు ఎప్పుడన్న తిమ్మిరున్నదా?"

"లేకుండె అమ్మా. కోసినంకనే."

లిదియా పెన్సిలు చెవి మీద పెట్టుకుంది. "ఆ రోగం కాదు. నేను ఆ రోగం ఎందరికి చూసిన్నో లెక్కలేదు. ఎముక సరిచెయ్యాలంటే ఈ దిక్కుకెల్లే కత్తి పోవాలె. పోయేటప్పుడు సన్నని నరం ఒకటి తెగింది, గంతే. దొరకు గూడ చూపిస్త, ఆయన గూడ ఇదే అంటడు."

భూదేవి నేల మీద కూలబడింది. హన్మండ్లు నిలబడే ఉన్నాడు, విన్నది నమ్మకం కుదరనట్టు.

"ఇంట్ల పిల్లను ఎత్తుకోవచ్చునా?" అన్నాడు. అడగడానికి వంద ఉండగా అతను అడిగింది అదే. లిదియా గొంతు మెత్తబడింది.

"ఎత్తుకో. ముద్దుపెట్టుకో. గని ఇది ఇను. ఆ అంచుకు తాకింది తెల్సుడు మెల్లగ రావచ్చు, రాకపోవచ్చు. అందాక ఒట్టికాలు నేల మీద పెట్టద్దు. ముల్లు దిగినా తెల్వదు, కాల్చినా తెల్వదు. నొప్పి లేదని నువ్వు నడుస్తనే ఉంటవు, లోపల చీము పడుతది. అప్పుడు దొర కోసేది ఎముకను కాదు, కాలునే. అర్థమైందా?"

"ఆట, అమ్మా?"

"బూటేసుకొని ఆడు. ఎవడొద్దన్నడు?"

బయట యాకూబు సంగతి విని మొదట కండ్లు తుడుచుకున్నాడు, తర్వాత నవ్వాడు. ఎక్కడికో ఉరికి, రైలు డ్రైవరు ఒకాయన పాతబూట్లు పట్టుకొచ్చాడు. వాటిలో హన్మండ్లు పాదాలు రెండేసి పట్టేటట్టున్నాయి. గుడ్డలు కూరి తొడిగి, ప్లాట్‌ఫారం మీద ఒక గులకరాయిని తన్నించాడు. రాయి ఎక్కడికి పోవాలో అక్కడికి పోలేదు. "బాతు నడిచినట్టు నడుస్తున్నవురా," అన్నాడు యాకూబు. "ఫికరు చేయకు. ఉగాది దాక టైమున్నది. బాతును గుర్రం చేస్త."

బస్సు ఎల్లారెడ్డి చేరేసరికి పొద్దు గూకుతున్నది. ఊళ్లో డప్పు మోగుతున్నది, ఈరన్న గుడి జాతర ముందటి సాయంత్రం. వాకిట్లో పిల్ల ఆడుతున్నది. హన్మండ్లు బూట్లు ఈడ్చుకుంటూ పోయి దాన్ని రెండు చేతులా ఎత్తి గాలిలోకి ఎగరేశాడు. పిల్ల బిత్తరపోయి, తర్వాత కిలకిలమంది. అతను దాని కడుపులో మొహం దాచుకున్నాడు.

భూదేవి నేరుగా అత్త దగ్గరికి పోయింది. "అత్తా, ఏంగాదట. లిదియమ్మ చెప్పింది..."

"ఆ రోగం కాదన్నదా?" అంది ఎంకవ్వ.

"నీకెట్ల తెల్సు?" అంది భూదేవి.

"గోడవతల నేనుంటిని. చెవులు ముసలియైనయి గని చావలే," అంది ఎంకవ్వ. కోడలి మొహం రెండు చేతులతో పుణికి, తన కణతలకు మెటికలు విరుచుకుంది. "వాడు కొరికిన రొట్టె తిన్నవటనే? నువ్వు నా కడుపున పుట్టలే గని, పుట్టిన బిడ్డ గూడ గట్ల చేసేది కాదు." కోడలికి ఇన్నేళ్లలో అత్త ఇచ్చిన కితాబు అదొక్కటే. భూదేవికి కండ్ల నీళ్లు ఆగలేదు.

"నా మొక్కు ఈరన్న ఇన్నడు," అంది ఎంకవ్వ, దూలానికి కట్టిన పసుపుగుడ్డ ముడుపు చూపించి. "మీరు బస్సెక్కంగనే గుడికి పోయిన. అది ఆ రోగం గాకపోతే, నా కొడుకు ఆ కాలుతోనే నిప్పుల గుండం తొక్కుతడని మొక్కిన. పూజారికి చెప్పిన, డప్పాయనకు పేరిచ్చిన. రేపు పొద్దున మొదలు తొక్కేది మనోడే."

భూదేవి ఎంకవ్వ చేయి పట్టుకుంది. "అత్తా, ఒట్టికాలు నేల మీదనే పెట్టద్దన్నది! కాలినా తెల్వదట, చీము పడుతదట, మొత్తం కాలే తీసేస్తరట!"

"నిప్పుల మీద మొక్కి తప్పుదమా? పిల్లగల్ల ఇల్లు ఇది," అంది ఎంకవ్వ. ఆమె భయం కూడా నిజమైన భయమే.

పిల్లను ఎత్తుకుని హన్మండ్లు లోపలికి వచ్చాడు. చాలా నెలల తర్వాత అతని మొహంలో ఆ పాత నవ్వు, మైదానంలో ఎవణ్నో దాటబోయే ముందటి నవ్వు.

"ఎందుకు లొల్లి? తొక్కుతనే అవ్వా," అన్నాడు. "అందరు ఉరుకుతరు. నేను నిమ్మలంగ నడిచి చూపిస్త. ఆ అంచు మీద పెడితే ఆ కాలుకు నిప్పే తెల్వదు గదా!"

తల్లి మురిసిపోయింది. బయట డప్పు జోరందుకుంది.

"ఆ గుండం ఈయన తొక్కడు," అంది భూదేవి.

ఇద్దరూ తిరిగి చూశారు.

"మొక్కు మొక్కే," అంది ఎంకవ్వ. "ఇంటిమనిషి తొక్కాల్సిందే. వాడు గాకపోతే ఇంకెవలున్నరే?"

భూదేవి గడప మీద కూర్చుని, కాళ్ల కడియాలు విప్పడం మొదలుపెట్టింది.